పిల్లలకు సోషల్ మీడియా: పూర్తిగా ఆపాలా, అదుపులో ఇవ్వాలా? విశాఖ తల్లిదండ్రులకు పోలిక, ఎంపిక సలహా

ముందు మా అభిప్రాయం చెప్పేస్తే తర్వాతి లెక్కలు సులువవుతాయి. పదమూడేళ్లు నిండని పిల్లలకు సోషల్ మీడియాలో సొంత ఖాతా అక్కర్లేదు. దానికి కొత్త చట్టం రావాల్సిన పని కూడా లేదు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్, వాట్సాప్ అన్నీ తమ నిబంధనల్లోనే 13 ఏళ్లను కనీస వయసుగా రాసుకున్నాయి. ఇక ఇంటర్ చదివే పిల్లలకు పూర్తి నిషేధం పెట్టినా నిలబడదు. తకరారంతా మధ్యలో ఉన్న మూడేళ్లది, అంటే ఎనిమిది నుంచి పదో తరగతి దాకా.

చాలా ఇళ్లలో మాట ‘ఇన్‌స్టా ఉండాలా వద్దా’ దగ్గర మొదలై అక్కడే గొడవగా ముగుస్తుంది. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఆ ఫోన్ ఎవరిది, రాత్రిపూట అది ఏ గదిలో ఉంటుంది. మన దేశంలో పద్దెనిమిది నిండనివాళ్ల పేరు మీద సిమ్ ఇవ్వకూడదు. కాబట్టి పదో తరగతి పిల్లాడి చేతిలో ఉన్న సిమ్ ఎలాగూ మీదే. ఫోన్ కొన్నదీ మీరే, రీఛార్జ్ చేసేదీ మీరే. ‘నీ ఫోన్’ అని ఒక్కసారి చేతిలో పెట్టేశాక మాత్రం దాన్ని వెనక్కి అడగడం యుద్ధం అవుతుంది. ‘ఇంటి ఫోన్, నువ్వు వాడుకో’ అని ఇచ్చిన చోట సగం గొడవ అసలు పుట్టదు.

చదువు కోసమే ఇస్తున్నాం అనే మాటను కొంచెం తగ్గించి నమ్మాలి. పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వేలో 2024లో పల్లెల్లోని 14–16 ఏళ్ల పిల్లలను అడిగారు. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లలో అంతకు ముందు వారం రోజుల్లో చదువుకు సంబంధించిన పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. సోషల్ మీడియా వాడేవాళ్లలో తమ ప్రొఫైల్‌ను ప్రైవేట్‌గా మార్చుకోవడం తెలిసినవాళ్లు సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఇల్లు చేతికొచ్చింది, గడియ వేయడం రాలేదన్నమాట.

అసలు ఏది ఆపుతున్నాం?

సోషల్ మీడియా అని ఒకే పేరు పెట్టాం గానీ అందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి. తెలిసినవాళ్లతో మాట్లాడుకోవడం ఒకటి. వేలితో తోస్తూ పోతే అయిపోని వీడియోల వరస రెండోది. ముక్కూమొహం తెలియనివాళ్లు మన పిల్లకు మెసేజ్ పెట్టగలగడం మూడోది. తన ఫొటో, తన వీడియో ఊరందరికీ పెట్టడం నాలుగోది. మొదటిదాన్ని ఆపితే పిల్లలు నష్టపోతారు, ఎందుకంటే స్కూలు హోంవర్కు, ట్యూషన్ మార్పులు, మ్యాచ్ ఎన్నింటికో అన్నీ అక్కడే. రెండోది నిద్ర తింటుంది. మూడోది ప్రమాదం. నాలుగోది ప్రమాదానికి చిరునామా ఇస్తుంది.

ఆ నాలుగో దాని గురించి ఒక మాట. కైలాసగిరి మీదో, తెన్నేటి పార్కు దగ్గరో రీల్ తీసి పెట్టడం వల్ల పెద్దగా ముప్పు లేదు. స్కూలు యూనిఫాంలో బ్యాడ్జీతో, వెనకాల అపార్ట్‌మెంట్ పేరు కనబడేలా, రోజూ ఎక్కే బస్సు నంబరుతో తీసేవి వేరు. నాలుగైదు రీల్స్ చూస్తే చాలు, ఈ పిల్ల ఏ స్కూలు, ఏ వీధి, ఎన్నింటికి ఒంటరిగా ఉంటుంది అన్నవి తేలిపోతాయి. ఖాతా ఉన్న పిల్లలందరి పాత పోస్టులూ ఒకసారి కూర్చుని ఈ కళ్లతో చూడండి.

యాప్‌ల వారీగా చూస్తే, వాట్సాప్‌లో ఎక్కువ భాగం మొదటి పనే. చిక్కల్లా తెలియని గ్రూపుల్లో ఎవరో చేర్చేయడం. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ దగ్గర ‘మై కాంటాక్ట్స్’ పెట్టండి. ప్రొఫైల్ ఫొటోకూ అదే. ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఆన్ చేయండి. లింక్డ్ డివైసెస్ నెలకోసారి చూడండి; స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో తెరిచి వదిలేసిన ఖాతాలు అక్కడే బయటపడతాయి.

యూట్యూబ్‌ది ప్రధానంగా రెండో పని. దానికి చాలామందికి తెలియని మందు ఒకటుంది. వాచ్ హిస్టరీ మొత్తం తుడిచేసి, ఆపేయండి. హోమ్ పేజీలో సిఫార్సు వీడియోలు రావడం ఆగిపోతుంది. కావాల్సిన పాఠం వెతుక్కుని చూడాలి తప్ప, తెరవగానే వంద బొమ్మలు మీద పడవు. ఆటోప్లే కూడా ఆపేస్తే ఒక వీడియో అయ్యాక బండి అక్కడే ఆగుతుంది. ఈ రెండూ హాల్లో ఉన్న టీవీలోనూ చేయాలి. అక్కడ చాలామంది మర్చిపోతారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు పనులూ ఉన్నాయి, అందుకే దాని మీదే ఇంత గొడవ. స్నాప్‌చాట్‌లో మెసేజ్‌లు మాయమైపోతాయి కాబట్టి ఏదైనా జరిగాక ఆధారం మిగలదు. పదహారు లోపు మేము దాన్ని ఇన్‌స్టా కన్నా ముందు ఆపుతాం. టెలిగ్రామ్‌లో సినిమాల కోసం చేరిన గ్రూపుల్లోంచే అపరిచితులు పలకరిస్తారు. స్కూలు పిల్లలకు దానితో పనేమీ లేదు. ఇక ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ ఆటలను ఎవరూ సోషల్ మీడియా అనరు గానీ, వాటి వాయిస్ చాట్‌లో జరిగేది మూడో పనే. ఇన్‌స్టా తీసేసి ఆట ఉంచితే అపరిచితుల దారి తెరిచే ఉంది.

పూర్తి నిషేధం

ఇది ఎంచుకుంటే సగంలో వదలకూడదు. సగం నిషేధం అంటే పిల్లలకు దొంగతనం నేర్పడమే.

దారి ఇది. ట్యూషన్‌కో, బస్సుకో ఫోన్ తప్పదనుకుంటే కీప్యాడ్ ఫోన్ ఇవ్వండి. జగదాంబ దగ్గర ఏ షాపులో అడిగినా దొరుకుతుంది. కొనేముందు రెండు చూసుకోవాలి. మీది జియో సిమ్ అయితే 2జీ కీప్యాడ్ ఫోన్‌లో పనిచేయదు, 4జీ ఉన్నదే తీసుకోవాలి. రెండోది, కీప్యాడ్ ఉన్నంత మాత్రాన నెట్ లేదని కాదు. 4జీ కీప్యాడ్ ఫోన్లలో కొన్నింటిలో యూట్యూబ్, ఫేస్‌బుక్, వాట్సాప్ కంపెనీయే వేసి ఇస్తుంది. పెట్టె మీద రాసింది కాదు, షాపులో ఫోన్ ఆన్ చేయించి మెనూ చూడండి. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉన్న ప్యాక్‌లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం తర్వాత 2025 జనవరి నుంచి వచ్చాయి. యాప్‌లో ముందు పేజీలో కనిపించవు, ‘వాయిస్ ఓన్లీ’, ‘వాల్యూ’ వంటి పేర్ల కింద వెతకాలి.

స్కూలు గ్రూపు అమ్మ ఫోన్‌లోనో నాన్న ఫోన్‌లోనో ఉండాలి. సాయంత్రం ఏడింటికి ఇరవై నిమిషాలు, పిల్లాడు పక్కన కూర్చుని హోంవర్కు నోట్సులో ఎక్కించుకోవాలి. ఆ సమయం ఇవ్వలేని ఇంట్లో నిషేధం రెండో వారానికి చచ్చిపోతుంది, ఎందుకంటే ‘హోంవర్కు చూడాలి’ అన్న ఒక్క మాటకు పెద్దవాళ్ల దగ్గర జవాబు ఉండదు.

నిషేధం ఎక్కడ కారిపోతుందో చూద్దాం. మొదటి చిల్లు సొరుగులో పడి ఉన్న పాత ఫోన్. సిమ్ లేకపోయినా వైఫై దొరికితే అందులో అన్నీ నడుస్తాయి. వాటిని ఫ్యాక్టరీ రీసెట్ చేసి బీరువాలో పెట్టి తాళం వేయండి, లేదా మార్చేయండి. రెండోది వైఫై పాస్‌వర్డ్. పిల్లలకు తెలిసినదాన్ని మార్చాలి. రౌటర్‌లో ఒక ఫోన్‌ను పేరు పెట్టి ఆపడం కూడా కుదురుతుంది గానీ అక్కడో మెలిక ఉంది: ఇప్పటి ఫోన్లు ‘రాండమైజ్డ్ మ్యాక్’ అని తమ అసలు గుర్తింపు నంబరుకు బదులు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో దొంగ నంబరు చూపిస్తాయి. వైఫైని మర్చిపోయేలా చేసి, ఈ సెట్టింగ్ మార్చి మళ్లీ కలిస్తే రౌటర్‌కు అది కొత్త ఫోన్‌లా కనబడుతుంది. ఆపినది పోతుంది. కాబట్టి ఫలానా ఫోన్‌ను వద్దని రాయడం కన్నా, ఫలానావాటికే అనుమతి అని రాయడం గట్టిది.

మూడో చిల్లు మామ్మ ఫోన్. గాజువాకలోనో, సెలవులకు వెళ్లే శ్రీకాకుళం పల్లెలోనో తాతయ్య, అమ్మమ్మల దగ్గర మంచి స్మార్ట్‌ఫోనే ఉంటుంది, దానికి లాక్ ఉండదు. ‘పాపం పిల్లాడు అడిగాడమ్మా’ అంటారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వేసవికి ముందే ఆ ఫోన్‌లో స్క్రీన్ లాక్ పెట్టి, ఇన్‌స్టా ఉంటే యాప్ లాక్ వేసి, వాళ్లతో విడిగా మాట్లాడుకోండి. నాలుగోది స్నేహితుడి ఫోన్, దానికి మందు లేదు. రోజుకు పావుగంట అలా పోతుంది. పోనివ్వండి. పావుగంటకూ, రాత్రి దుప్పటి కింద మూడు గంటలకూ చాలా తేడా ఉంది.

పూర్తి నిషేధానికి అసలు వెల వేరే చోట పడుతుంది. రహస్యంగా ఖాతా తెరిచిన పిల్లకు ఎవడో ఫొటో పెట్టి బెదిరిస్తే ఇంట్లో చెప్పదు, ఎందుకంటే ముందు ఖాతా ఎందుకు తెరిచావన్న ప్రశ్న వస్తుందని తెలుసు. బెదిరించేవాడు ఆడుకునేది ఈ భయంతోనే. అందుకని నిషేధం పెట్టే రోజే ఇంకో మాట కూడా ఇవ్వాలి: ‘దొంగచాటుగా వాడి ఇబ్బందిలో పడ్డా సరే, వచ్చి చెబితే ఆ రోజు తిట్టం’. ఈ మాట ఇచ్చి నిలబెట్టుకోలేని ఇంటికి పూర్తి నిషేధం మేము సూచించం.

ఇంకోటి, కాస్త ఘాటుగానే అంటున్నాం. చాలా ఇళ్లలో నిషేధం అక్కకే ఉంటుంది, తమ్ముడికి ఉండదు. తొమ్మిదిలో ఉన్న ఆడపిల్లకు ఫోన్ లేదు, ఏడులో ఉన్న మగపిల్లాడు రాత్రి పదకొండు దాకా ఆటలో అపరిచితులతో అరుస్తుంటాడు. ఇది భద్రత కాదు. వయసుకు నియమం పెట్టండి, ఇద్దరికీ ఒకటే.

ఇంటి ఫోన్, హాల్లోనే

ఎనిమిది, తొమ్మిది తరగతులకు మాకు బాగా నచ్చే దారి ఇది. పిల్లలకంటూ ఫోన్ ఉండదు, ఇంట్లో ఒక ట్యాబ్ గానీ పాత ఫోన్ గానీ హాల్లో ఉంటుంది. ఛార్జింగ్ అక్కడే, వాడకం అక్కడే. రోజూ ముప్పావుగంట, ఆదివారం గంటన్నర. పడకగదిలోకి తీసుకెళ్లడం లేదు. ఇది పెద్దవాళ్లకూ వర్తించాలి, కనీసం రాత్రి ఛార్జింగ్ వరకు. నాన్న ఫోన్ దిండు కింద ఉంటే ఈ నియమాన్ని పిల్లలు పాటించరు.

13–18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. ఉదయం ఐదున్నరకు లేచి స్టడీ అవర్‌కు పరిగెత్తే పిల్లకు, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటేనే ఎనిమిది గంటలు. అంటే తొమ్మిదికే ఫోన్ హాల్లోకి రావాలి. ఇన్‌స్టా ఉందా లేదా అన్నదాని కన్నా ఈ ఒక్క గంట గుర్తుపెట్టుకోండి. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య అధికారి అయిన సర్జన్ జనరల్ 2023 సలహా పత్రంలో రోజుకు మూడు గంటలు దాటి సోషల్ మీడియాలో ఉండే పిల్లల్లో ఆందోళన, కుంగుబాటు లక్షణాల ముప్పు రెట్టింపు అని రాశారు. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇంకా వాదనలోనే ఉంది. నిద్ర పోతే మర్నాడు లెక్కల క్లాసులో ఏమవుతుందో వాదన అక్కర్లేదు.

ఈ దారిలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పిల్లలకు ఖాతా లేదు కాబట్టి నాన్న ఇన్‌స్టాలోనే కాసేపు చూసుకోనిస్తారు. ఇది అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. పిల్లల ఖాతాకు ఉండే రక్షణలేవీ పెద్దవాళ్ల ఖాతాకు ఉండవు. నలభై ఏళ్ల మనిషి ఏం చూస్తాడని యాప్ లెక్కగట్టిందో అదే పదమూడేళ్ల పిల్లాడి ముందుకొస్తుంది. పైగా ఆ ఫోన్‌లోనే ఫోన్‌పే, బ్యాంకు ఓటీపీలు. ఇంటి పరికరంలో యూపీఐ యాప్ ఉండకూడదు, పెద్దవాళ్ల సోషల్ మీడియా ఖాతా ఉండకూడదు. పిల్లల పేరుతో గూగుల్ ఖాతా విడిగా తెరవండి, అసలు పుట్టిన తేదీతో.

స్టీల్ ప్లాంట్‌లోనో, పోర్టులోనో షిఫ్ట్ డ్యూటీలున్న ఇళ్లకు ఇది కష్టమనేది నిజమే. నాన్న బీ షిఫ్ట్, అమ్మ కూడా ఉద్యోగం అయితే సాయంత్రం హాల్లో చూసే పెద్ద దిక్కు ఉండదు. అలాంటి ఇంటికి కింద చెప్పే మూడో దారిలోని యాప్‌ను ఇంటి ట్యాబ్‌లోనే వేసి, సమయాన్ని యాప్‌కు అప్పగించాలి.

సొంత ఫోన్, పెద్దల పర్యవేక్షణ

పదో తరగతి దగ్గర పడేసరికి చాలామంది ఇక్కడికే వస్తారు. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఫ్యామిలీ లింక్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్. రెండూ ఉచితం. డబ్బు కట్టించుకుని మెసేజ్‌లన్నీ చూపిస్తామనే గూఢచారి యాప్‌ల జోలికి పోవద్దు. పిల్లల ఫొటోలు, మాటలు ఇంకెవరి సర్వర్‌కో చేరతాయి.

ఫ్యామిలీ లింక్‌లో చేయాల్సిన వరస ఇలా ఉంటుంది. పిల్లల గూగుల్ ఖాతా అసలు వయసుతో ఉండాలి. పదమూడు దాటినవాడి ఖాతాను పర్యవేక్షణలోకి తేవాలంటే వాడూ ఒప్పుకోవాలి, కాబట్టి ఫోన్ చేతికివ్వక ముందే ఈ పని పూర్తి చేయండి. ఇచ్చాక బేరం పెరుగుతుంది. ప్లే స్టోర్‌లో ఏ యాప్ వేయాలన్నా మీ అనుమతి అడిగేలా పెట్టండి. డౌన్‌టైమ్, అంటే ఫోన్ లాక్ అయి ఉండే సమయం, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు. స్కూల్ టైమ్ వేరుగా. ఒక్కో యాప్‌కు నిమిషాల హద్దు. తర్వాత క్రోమ్‌లోకి వెళ్లి ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, ఫేస్‌బుక్ సైట్లను ఆపిన జాబితాలో చేర్చండి. ఇది చేయకపోతే యాప్ లేకపోయినా బ్రౌజర్‌లో అదే ఇన్‌స్టా తెరుచుకుంటుంది. యూట్యూబ్‌కు ‘ఎక్స్‌ప్లోర్’, ‘ఎక్స్‌ప్లోర్ మోర్’, ‘మోస్ట్ ఆఫ్ యూట్యూబ్’ అని మూడు మెట్లున్నాయి. మొదటిది తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు, రెండోది పదమూడు దాటినవాళ్లకు సరిపోయేలా చేశారు.

ఎక్కడ తప్పుతుంది? మీ ఫోన్ లాక్ పిల్లలకు తెలుసు, అనుమతి వాళ్లే ఇచ్చేసుకుంటారు. అన్నిటికన్నా మామూలుగా జరిగేది ఇదే. కొన్ని కంపెనీల ఫోన్లలో ఒకే యాప్‌ను రెండుగా చేసుకునే ‘డ్యూయల్ యాప్స్’, షావోమీలో వేరే లోకంలా తెరుచుకునే ‘సెకండ్ స్పేస్’ ఉంటాయి. ఫోన్ ఇచ్చేముందు సెట్టింగ్స్‌లో వెతికి చూసుకోండి. ఫ్యామిలీ లింక్ ఎంతసేపు చూశారో చెబుతుంది, ఏం మాట్లాడారో చెప్పదు. అది లోపం కాదు, పదిహేనేళ్ల మనిషికి ఆపాటి గుట్టు ఉండాలి.

ఇన్‌స్టా ఇవ్వాలనుకుంటే టీన్ అకౌంట్‌గానే ఇవ్వండి. మన దేశంలో ఇది 2025 ఫిబ్రవరిలో మొదలైంది. అసలు వయసు ఇస్తే ఖాతా దానంతట అదే ప్రైవేట్ అవుతుంది. ముందే పరిచయం ఉన్నవాళ్లు తప్ప వేరేవాళ్లు మెసేజ్ పెట్టలేరు, గంట దాటితే చాలించమని గుర్తుచేస్తుంది, రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు మూగబోతాయి. పదహారు లోపువాళ్లు వీటిని సడలించాలంటే, లైవ్ పెట్టాలన్నా, తల్లి గానీ తండ్రి గానీ ఒప్పుకోవాలి. పర్యవేక్షణ జోడిస్తే గత ఏడు రోజుల్లో ఎవరితో మెసేజ్‌లు నడిచాయో పేర్లు కనిపిస్తాయి, విషయం కనిపించదు. గంట గుర్తుచేయడమన్నది ఒట్టి గుర్తుచేయడమే, పిల్లలు దాన్ని తోసేస్తారు. రోజువారీ హద్దును పర్యవేక్షణలో మీరే పెట్టాలి.

ఇవన్నీ ఒక్క పుట్టిన తేదీ మీద నిలబడి ఉన్నాయి. ఐదో తరగతిలోనే 2000లో పుట్టానని రాసి ఖాతా తెరిచిన పిల్లాడికి ఈ రక్షణల్లో ఒక్కటీ అందదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, పర్సనల్ డీటెయిల్స్, బర్త్‌డే. ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే ఇవాళ అది చూడండి. తప్పుగా ఉంటే ఆ ఖాతా తీసేసి, సరైన తేదీతో కొత్తది తెరవడమే మేలు. ఫాలోవర్లు పోతారని ఏడుస్తారు. రెండు వారాల్లో సర్దుకుంటుంది.

మాట మీద వదిలేయడం

యాప్ తాళాలేమీ లేకుండా ఒప్పందం మీద ఇవ్వడం ఇంటర్ రెండో సంవత్సరం నుంచి సబబు. పదిహేను లోపు ఇది ఎంపిక కాదు, ఎంపిక చేయకపోవడం.

చట్టం వచ్చేదాకా ఆగాలా?

ఆస్ట్రేలియా 2024 నవంబరులో చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి పదహారు లోపువాళ్ల ఖాతాలను ఆపింది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, ఎక్స్, యూట్యూబ్ అన్నీ అందులో ఉన్నాయి. వాట్సాప్ లేదు, యూట్యూబ్ కిడ్స్ లేదు. తల్లిదండ్రులు ఒప్పుకున్నా ఖాతా కుదరదు. ఉల్లంఘిస్తే కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా, పిల్లలకూ తల్లిదండ్రులకూ శిక్ష లేదు. గమనించారా, మనం పైన విడదీసినట్టే వాళ్లూ మాట్లాడుకునే యాప్‌ను వదిలి, వీడియోల వరస ఉన్నవాటిని పట్టుకున్నారు. ఖాతా ఆగుతుంది గానీ, ఖాతా లేకుండా యూట్యూబ్ చూడటం ఆగదు.

మన దేశం వేరే దారి పట్టింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిది లోపు అందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలంది. పిల్లల నడవడికను వెంటాడటం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలివ్వడం కుదరదంది. ఈ పిల్లల నిబంధన తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన నిబంధనలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే మన చట్టంలో నిర్ణయం చివరికి తల్లిదండ్రుల చేతికే వస్తుంది. ఆస్ట్రేలియా దాన్ని వాళ్ల చేతుల్లోంచి తీసేసింది. పదమూడు లోపువాళ్లకు నిషేధం కావాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో, ఇది విధాన విషయమంటూ విచారణకు తీసుకోలేదు. మన రాష్ట్రం వరకు వస్తే, ఆస్ట్రేలియా చట్టాన్ని పరిశీలిస్తున్నామని ఐటీ మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో అన్నారు. కమ్యూనికేషన్లు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోవి, కాబట్టి రాష్ట్రం ఒక్కటే గట్టి నిషేధం పెట్టడం తేలిక కాదు.

మాకడిగితే, కంపెనీల మీద వయసు బాధ్యత పెట్టే చట్టం రావాలి. ఒక్క ఇల్లు ఆపితే ‘క్లాసులో అందరికీ ఉంది, నాకే లేదు’ అన్న ఏడుపు ఉంటుంది. అందరికీ ఆగితే ఆ ఏడుపు ఉండదు. చట్టం చేయగల అసలు మేలు అదే. అది వచ్చేదాకా ఒక చిన్న అడ్డదారి ఉంది: క్లాసులో నలుగురైదుగురు తల్లిదండ్రులు కూడబలుక్కుని ఒకే నియమం పెట్టడం. పేరెంట్స్ మీటింగ్ అయ్యాక పది నిమిషాలు చాలు.

ఏ ఇంటికి ఏది

ఆరు, ఏడు తరగతుల పిల్లలకు పూర్తి నిషేధం, ఖాతా అనే మాటే వద్దు. వీడియోలు హాల్లో టీవీలో. ఎనిమిది, తొమ్మిదికి ఇంటి పరికరం. పదో తరగతిలో ఫోన్ అలవాటు కొత్తగా మొదలుపెట్టకండి. అప్పటిదాకా లేకపోతే పరీక్షలయ్యాకే. పది అయిపోయిన వేసవి సొంత ఫోన్‌కు మంచి సమయం, ఎందుకంటే కాలేజీ మొదలయ్యేలోగా రెండు నెలలు మీ కళ్ల ముందే వాడతారు. మధురవాడ హాస్టల్లో చేర్పించేటప్పుడు మొదటిసారి చేతిలో ఫోన్ పెట్టి పంపడం అన్నిటికన్నా చెడ్డ ముహూర్తం. నాన్న ఓడ మీదో, గల్ఫ్‌లోనో ఉంటే వీడియో కాల్‌కు వాట్సాప్ ఇంటి ఫోన్‌లో ఉంచండి, దాన్ని నిషేధంలో కలపొద్దు. ఇప్పటికే రోజుకు నాలుగైదు గంటలు వాడుతున్న పిల్లాడికి ఒక్కరోజులో సున్నా చేస్తే ఇంట్లో వస్తువులు పగులుతాయి. ముందు రాత్రి వాడకం ఆపి, తర్వాత వారానికో అరగంట తగ్గించుకుంటూ రావాలి. తీసేసిన గంటల్లో ఏం చేస్తారో కూడా మీరే చూడాలి. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ, సాయంత్రం బీచ్‌లో క్రికెట్, ఏదో ఒకటి పేరు పెట్టి ఉండాలి. ‘చదువుకో’ అన్నది ప్రత్యామ్నాయం కాదు, పిల్లల లెక్కలో అది రెండో శిక్ష.

గొడవ జరిగాక

ఏ దారి ఎంచుకున్నా ఈ భాగం చదివి ఉంచుకోండి. ఎవరైనా ఫొటోతో బెదిరిస్తుంటే డబ్బు పంపొద్దు, ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు. చాట్ తుడిచేయొద్దు. యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. అభ్యంతరకరమైన ఫొటో అయితే దాన్ని సాక్ష్యమంటూ బంధువుల గ్రూపులో పెట్టడం మీమీదే కేసు తెస్తుంది. పిల్లల అశ్లీల చిత్రాలు పంచడం నేరమనే ఐటీ చట్టం 67బీ సెక్షన్ ఉంది, అలాంటిది దాచుకోవడం కూడా నేరమని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది. ఫొటో ఎవరికీ పంపకుండా నేరుగా పోలీసులకు చూపించండి.

పద్దెనిమిది లోపువాళ్ల ఫొటోలు ఇన్‌స్టా, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి చోట్ల వ్యాపించకుండా ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు ఒక్కటే వెళ్తుంది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ వెనక్కి రాబట్టడం కష్టం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదుల విభాగంలో పేరు చెప్పకుండా కూడా రాయవచ్చు. నగర సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లినా, మీ ప్రాంతపు స్టేషన్‌కు వెళ్లినా పోలీసులు ఫిర్యాదు తీసుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. నిద్ర మానేసి, తిండి మానేసి ముడుచుకుపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇక ఫోన్ సంగతి: కోపం ఎంత ఉన్నా ఆ రాత్రి దాన్ని రీసెట్ కొట్టకండి, పగలగొట్టకండి. ఫిర్యాదుకు కావాల్సినవన్నీ అందులోనే ఉంటాయి.